మొదటి నుంచి ఆడింది ఒక్క మ్యాచే.. అయినా కోట్ల ఒప్పందం ఎందుకు?

అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు 2023 మేలో తన క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ లవ్ ఒప్పందాన్ని ఇంకో ఏడాది, అంటే 2024 సీజన్ దాకా పొడిగించింది. గ్యారంటీ సొమ్ము 1.35 కోట్ల డాలర్లు. అన్నీ కలిసొస్తే 2.25 కోట్ల దాకా వెళ్లేది. అప్పటి మన లెక్కలో దాదాపు 110 కోట్ల నుంచి 184 కోట్ల రూపాయలు. కానీ అప్పటికి మూడేళ్లలో ఆ 24 ఏళ్ల కుర్రాడు మొదటి నుంచి ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. అదీ 2021లో, సీనియర్ ఆరన్ రాడ్జర్స్‌కు కోవిడ్ వచ్చినందుకు. కాన్సాస్ సిటీ చేతిలో 13-7తో ఓడిపోయారు.

చికాగోలో బంధువులున్న మన కుటుంబాలకు ఈ జట్టు పేరు తెలిసే ఉంటుంది. అక్కడి బేర్స్ జట్టుకు ప్యాకర్స్ పాత ప్రత్యర్థి. ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. జట్టు దాడి మొత్తం క్వార్టర్‌బ్యాక్ మీదే నడుస్తుంది. బంతి అతని చేతికొచ్చాక ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. అందుకే జీతాల్లో పెద్ద వాటా అతనిదే.

2023 ఐపీఎల్ సీజన్ వేలంలో ఒక్కో జట్టుకు 95 కోట్ల పరిమితి పెట్టారు కదా, అక్కడ కూడా అంతే. 2023కి ఒక్కో జట్టు జీతాల పరిమితి 22.48 కోట్ల డాలర్లు. ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరికి కోత పడుతుంది. మన సన్‌రైజర్స్ హ్యారీ బ్రూక్‌ను, అప్పటికి ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడకపోయినా, 13.25 కోట్లకు కొన్నది. కోల్‌కతా మీద సెంచరీ కొట్టాడు, ఆ ఒక్కటి తప్ప 2023 సీజన్‌లో పెద్ద స్కోరు లేదు. చూడని ఆటగాడికి ధర కట్టడం ఎంత కష్టమో హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పటి ప్యాకర్స్ ఇబ్బంది చూడండి. రాడ్జర్స్‌ను 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చేశారు. మనిషి వెళ్లిపోయినా, పాత ఒప్పందం తాలూకు 4 కోట్ల డాలర్లకు పైగా ఆ ఏడాది ప్యాకర్స్ ఖాతాలోనే పడింది. ఇక మిగిలింది లవ్. 2020లో మొదటి రౌండులో ఎంచుకున్న ఆటగాడు కాబట్టి అతన్ని ఐదో ఏడాదికి ఉంచుకునే హక్కు జట్టుకుండేది. ఆ ఏడాది మే 2 లోగా తేల్చాల్సి వచ్చింది. ఆ హక్కు వాడుకుంటే 2 కోట్ల 2 లక్షల డాలర్లకు పైగా మొత్తం గ్యారంటీ. ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిందే. వదిలేస్తే మాత్రం 2023 సీజన్ అవగానే అతను ఎటైనా వెళ్లిపోగలిగేవాడు.

వదిలేస్తే ఏమవుతుందో న్యూయార్క్ జెయింట్స్‌ను చూస్తే తెలుస్తుంది. డేనియల్ జోన్స్ మీద నమ్మకం లేక, 2022లో 2.24 కోట్ల డాలర్ల ఐదో ఏడాది వద్దన్నారు. అతనేమో ఆ సీజన్‌లోనే జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లి, ఒక మ్యాచ్ గెలిపించాడు. 2023 మార్చిలో అదే జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు రాసివ్వాల్సి వచ్చింది. ఏడాదికి సగటున 4 కోట్లు. నా దృష్టిలో ఆ ధర కూడా ఎక్కువే, ఒక్క మంచి సీజన్‌కు అంతనా?

తొందరపడినవాళ్ల కథా ఉంది. 2016లో హ్యూస్టన్ టెక్సన్స్, ఏడు మ్యాచులే మొదటి నుంచి ఆడిన బ్రాక్ ఆస్‌వైలర్‌కు నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో గ్యారంటీ 3.7 కోట్లు. ఏడాది తిరిగేసరికి అతన్ని వదిలించుకోవడానికి క్లీవ్‌లాండ్‌కు రెండో రౌండు హక్కు కూడా ఎదురిచ్చి పంపింది. కట్నం ఇచ్చి సాగనంపినట్టే.

అలాగని ముందే నమ్మడం ప్రతిసారీ నష్టమూ కాదు. ఇదే ప్యాకర్స్ 2008లో, రాడ్జర్స్ ఏడు మ్యాచులు మాత్రమే మొదటి నుంచి ఆడి ఉండగా, 2014 దాకా ఒప్పందం పొడిగించింది. రెండేళ్లకు సూపర్ బౌల్ గెలిచాడు. తర్వాత అతని విలువ ఎంత పెరిగిందో చూస్తే అది చవక బేరమే. కానీ ఏడు మ్యాచులు చూశాకే ఇచ్చారు. లవ్ విషయంలో అప్పటికి అదీ లేదు. అన్నీ కలిపి 83 పాస్‌లు, 3 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు. ఇంత తక్కువ చూసి మంచివాడనీ చెప్పలేం, పనికిరాడనీ చెప్పలేం.

అందుకే ఈ మధ్యేమార్గం సరైందే అనిపిస్తోంది. ఇది స్థలం కొనేముందు ఇచ్చే బయానా లాంటిది. లవ్ విఫలమైతే ప్యాకర్స్ మునిగేది 1.35 కోట్లకే, 2 కోట్లకు కాదు. రాణిస్తే 2024కి 2.25 కోట్లలోపే దొరికేవాడు. జోన్స్‌కు ఇచ్చినదానితో పోలిస్తే అది ఎంత తక్కువో చూడండి.

నష్టం ఎవరికి అంటే, కొంత లవ్‌కే. పూర్తి గ్యారంటీ అందే అవకాశం పోయింది. ఈ ఆటలో దెబ్బలు మామూలు కాదు, 2023 జనవరి 2న బఫెలో ఆటగాడు డమార్ హ్యామ్లిన్ మైదానంలోనే గుండె ఆగి పడిపోవడం అందరూ చూశారు. అయినా ఖాళీ చేతుల కన్నా 110 కోట్ల రూపాయల భరోసా నయమని సంతకం పెట్టి ఉంటాడు. 24 ఏళ్ల వయసులో నేనైనా అదే చేసేవాణ్ణి!

ఆ సీజన్ 2023 సెప్టెంబరులో మొదలైంది. లవ్ బాగా ఆడితే రెండు వర్గాలూ ఆ మరుసటి వేసవిలోనే మళ్లీ బేరానికి కూర్చోవాల్సిన పరిస్థితి. అప్పుడు ధర చెప్పేది అతను.