మురుగు కాలువ చూశాకే పొలం

కరోనా వచ్చిపోయాక నగరాల్లో ఉద్యోగాలు చేసుకునే మన వాళ్లలో ఒక ఆలోచన బలంగా నాటుకుంది. ఎకరమో రెండెకరాలో కొనుక్కుని, చుట్టూ కంచె వేసుకుని, బోరు, సోలార్ ప్యానెళ్లు, ఒక పాడి గేదె, నాలుగు కోళ్లు పెట్టుకుని, రేపు ఏ ఉపద్రవం వచ్చినా ఎవరి గుమ్మం తొక్కకుండా బతకాలని. అమెరికాలో ఇలాంటి వాళ్లు ఒక్కో ప్రాంతానికి మార్కులు వేసుకుంటారు. నేల ఎలాంటిది, నీళ్లెన్ని, పెద్ద ఊరు ఎంత దూరం, జనం ఎంత పలచగా ఉన్నారు అని చూస్తారు. జనం ఎంత తక్కువైతే అన్ని మార్కులు. అదే కొలత పట్టుకుని తణుకు నుంచి తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా కొల్లేరు దాకా చూస్తే నేలకూ నీటికీ నిండు మార్కులు పడతాయి, జనం దగ్గర సున్నా వస్తుంది. ఈ లెక్క తలకిందులని నా వాదన. ఇక్కడ మనిషిని నిలబెట్టేది పక్క చేను రైతే. ఒంటరిగా బతకదలచిన వాళ్లకు ఈ గోదావరి డెల్టా ఎంత మాత్రం అనువైన చోటు కాదు.

తిండి సంగతి తేలిక, ముందు అది చూద్దాం. నలుగురున్న ఇంటికి నెలకు నలభై కిలోల చొప్పున ఏడాదికి 480 కిలోల బియ్యం కావాలి. ధాన్యం లెక్కన 75 కిలోల బస్తాలు పది. సార్వా, అంటే వానాకాలం వరి, సరిగ్గా పండితే ముప్పై, నలభై సెంట్లలో అవి చేతికొస్తాయి. దాళ్వాలో, అంటే రెండో పంటలో, వచ్చిందంతా మిగులే. ఇక్కడి మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ వంగడం దేశంలో ఎన్నో రాష్ట్రాల కడుపు నింపింది. కాబట్టి పండుతుందా అన్న అనుమానమే అక్కర్లేదు. ఆ ముప్పై సెంట్లకు నీళ్లు ఎవరు తెస్తారు, ఎక్కువైన నీళ్లను ఎవరు తీసుకుపోతారు అన్నదే అసలు ప్రశ్న.

వచ్చేది గోదావరి నీరు. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలో పడి, పిల్ల కాలువలు దాటి, బోదెల్లోకి వచ్చి, చాలాచోట్ల ఒక చేలోంచి ఇంకో చేలోకి దిగుతుంది. దాళ్వాలో నది సన్నగిల్లితే వంతులవారీ మొదలవుతుంది. ఎగువ రైతు తన వంతు అయ్యాక గండి కట్టకపోతే దిగువ చేను బీటలు తీస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక అంతకు ముందే ప్రతి ఊరూ మంచినీటి చెరువు నింపుకోవాలి. నింపే రోజుల్లో తూము నోటికి కట్టిన వలలో గుర్రపు డెక్క, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ సంచులు పేరుకుంటాయి. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు కర్రతో లాగిపారేస్తూ ఉండాలి, లేకపోతే చెరువుకు నీరెక్కదు. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరందరి గొంతు తడిపేది ఆ చెరువే.

పోయే నీటితో ఇంకా కష్టం. ఈ పొలాలకూ సముద్రానికీ ఎత్తులో తేడా చాలా తక్కువ. నాట్లు పడ్డాక ముసురు పట్టిందంటే యనమదుర్రు లాంటి డ్రెయిన్లు నిండి ఎగదన్నుతాయి. పొలంలో నీళ్లు లాగాల్సిన తూము పొలంలోకే కక్కుతుంది. రోజుల తరబడి తల మునిగిన నారును పట్టి లాగితే మెత్తగా వేళ్ల మధ్యకు జారివస్తుంది. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగినప్పుడు తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు వరి చేలు నీట మునిగాయి. ఆ సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి కొల్లేరులోకే దిగింది, లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరంతా కొల్లేరు నుంచి కడలికి పోవాలంటే అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారిలో పూడిక ఉంది, గుర్రపు డెక్క ఉంది, సముద్రం పోటు మీదుంటే ఎదురు దెబ్బా ఉంది. ఒక కంచెలోపలి మనిషి వీటిలో దేన్నీ ఆపలేడు. 1997 చట్టంతో వచ్చిన సాగునీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. కొత్తగా పొలం కొన్న వాళ్లు నర్సరీకి వెళ్లే ముందు ఆ సంఘం సమావేశానికి వెళ్లడం మేలు.

బోరు వేసుకుంటే కాలువతో పనేమిటని అడగవచ్చు. కొల్లేరు చుట్టుపక్కల, దిగువ డెల్టాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. తాడేపల్లిగూడేనికి ఎగువన మెట్టలో బోర్లు పనిచేస్తాయి, నేలలో నీళ్లు నిలవవు, కొబ్బరి, కోకో, అరటి బాగా వస్తాయి. ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకట్రామన్నగూడెంలోనే ఉంది. ఇంటి అవసరాల కోసం తోట పెంచుకునే వాళ్లకు ఈ ప్రాంతంలో మంచి చోటు ఇదేనని ఒప్పుకుంటాను. అయితే అక్కడా పక్క తోటల బోర్లన్నీ తోడేది ఒకే భూగర్భ జలాన్ని. పెరటి కోళ్ల సంగతీ అంతే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఆ భయం పెద్ద ఫారాల దగ్గర ఆగలేదు. జబ్బు చేసినప్పుడూ ఒంటరితనం పనికిరాదు. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలు వచ్చి పడిపోతే, రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆసుపత్రి, ప్రయోగశాల అందుబాటులో ఉండబట్టి ఆ మాత్రమైనా తెలిసింది.

తాతల కాలంలో ఎవరి తిండి వాళ్లు పండించుకుని సుఖంగా బతకలేదా అన్నది ఇంకో మాట. ఆనకట్టకు ముందు ఈ నేల మీదే జనం ఆకలితో పోయారు. 1821, 1841 మధ్య నాటి రాజమండ్రి జిల్లా జనాభా కరువులతో, వలసలతో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టే ఈ పచ్చదనానికి మూలం. దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ విగ్రహాలు ఊరూరా ఊరికే వెలవలేదు. ఈ డెల్టాలో మనం చూసే సమృద్ధి లక్షల మంది కలిసి వాడుకునే, కలిసి బాగుచేసుకునే ఏర్పాటు నుంచి వచ్చింది.

ఇక్కడే స్థిరపడదామనుకునే వాళ్లు సంక్రాంతికి వచ్చి పచ్చని చేలు చూసి బయానా ఇవ్వొద్దు. జూలై, ఆగస్టుల్లో గట్టి వాన వెలిసిన మూడో రోజున రండి. పుంతలో నడవగలుగుతున్నారా, కరెంటు స్తంభం మీద నీటి చార ఎంత ఎత్తున ఉంది, మురుగు కాలువ కదులుతోందా, గుర్రపు డెక్కతో నిలిచిపోయిందా చూడండి. కొల్లేరులో ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) లోపల ఎంత చవకగా వచ్చినా వద్దు. అది 1999 నుంచి అభయారణ్యం, 2006లో ప్రభుత్వమే చేపల చెరువుల గట్లు కొట్టించింది. మెట్టలోనైతే పక్క తోటల బోర్లు ఎంత లోతుకు వెళ్లాయో అడగండి. ఇల్లు మాత్రం పొలం మధ్య కాకుండా ఊళ్లోనే, మెరక మీద కట్టుకోండి. కాలువ కట్టేసే ముందు చెరువు తూము దగ్గర వల శుభ్రం చేయడానికి ఏటా మనుషులు కావాలి.