పూరీ బాటలో పుట్టిన పాట

జలంత్రకోట కూడలిలో నిలబడితే ఇప్పుడు లారీల రొద తప్ప మరేమీ వినబడదు. హైవే రాకముందు దాదాపు ఇదే బాటన టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం మీదుగా జనం జగన్నాథుణ్ణి చూడ్డానికి కాలినడకన పోయేవారు. క్రైస్తవం, రాజ్యం, స్థానిక సంస్కృతి అనగానే మన వ్యాసకర్తలు రోమ్ దగ్గరో గోవా దగ్గరో మొదలుపెడతారు. ఈసారి ఈ బాట మీద మొదలుపెడదాం. దొరల మతం కాబట్టి దొరలే తెచ్చారనే మాట ఇక్కడ అంత సులువుగా ఒప్పదు.

1803 సెప్టెంబరులో కంపెనీ సైన్యం గంజాం నుంచి కదిలి, మరాఠాల చేతిలో ఉన్న పూరీని పట్టుకుంది. గుడికి గాని పూజారులకు గాని ఏ ఇబ్బందీ కలగరాదని గవర్నర్ జనరల్ వెల్లస్లీ ముందే హెచ్చరించి పంపాడు. మూడేళ్లు తిరక్కుండానే యాత్రికుల మీద పన్ను పడింది. వసూలు చేసింది కంపెనీ. చర్చికి పోయే దొరలే జగన్నాథుడి గుడి జమాఖర్చులు రాసుకుంటూ కూర్చున్నారన్నమాట. మిషనరీలంటే మాత్రం వాళ్లకు గుబులే, 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత మరీను. 1813 చార్టర్ చట్టం దాకా మత బోధకుల రాకకు చట్టం దన్ను లేదు. 1805లో విశాఖపట్నంలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ ఆ గడ్డుకాలం మనుషులే. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చారు. 1812లో సీరాంపూర్‌లో ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఇద్దరూ పోయారు.

పూరీ కంపెనీ వశమైన ఆ 1803లోనే పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పురుషోత్తమ చౌదరి పుట్టాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కడి బాప్టిస్టు మిషన్ వాళ్లు సామాన్యులు కారు. వాళ్లలో జేమ్స్ పెగ్స్ అనే ఆయన, విగ్రహారాధన మీద ఆదాయం తింటున్నారంటూ సొంత ప్రభుత్వాన్నే ఆ యాత్రికుల పన్ను విషయంలో పుస్తకం రాసి మరీ ఎండగట్టాడు. 1840లో కంపెనీ ఆ పన్నుకు స్వస్తి చెప్పింది. జగన్నాథుడి మీద ప్రేమతో కాదు లెండి, అది వేరే సంగతి. అయినా సర్కారు, మిషను ఒకే చేతికి రెండు వేళ్లనుకునేవారికి ఈ తగాదా చెప్పాలి. అలాగని మిషన్‌ను అమాయకుణ్ణి చేయనక్కర్లేదు. తెల్లదొర మాట కలెక్టరు చెవికెక్కుతుందని ఊరి చివర వాడలకు బాగానే తెలుసు.

చౌదరి చేసిన అసలు పని పాట. పల్లవి, అనుపల్లవి, చరణాలు. పైన రాగం పేరు, తాళం పేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఈనాటికీ అదే వరస. ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు ఇరికించి పాడే సంఘాలకు ఆయన మన కీర్తన కట్టుబడినే ఇచ్చాడు. ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఆదివారంనాడు హార్మోనియం మీద ఆ కీర్తన ఎత్తుకున్నప్పుడు, కళ్లు మూసుకుంటే అది భజన గోష్ఠా ప్రార్థన కూటమా చెప్పడం కష్టం.

కాని ఇక్కడే మాకొక పేచీ ఉంది. క్రైస్తవుల గుడిలోకి దర్జాగా నడిచొచ్చినది పండితుల కీర్తన. గుడి నిండా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది డప్పు వాయించిన ఇళ్లవాళ్లు. వాళ్ల డప్పు, ఈ ప్రాంతపు తప్పెటగుళ్లు, జముకుల కథ అమ్మవారి సంబరానివంటూ చాలాకాలం గడప బయటే ఉండిపోయాయి. మతం మారినా ఏ వాయిద్యం పెద్దది, ఏది చిన్నది అన్న కులం లెక్క మారలేదు. బైబిలు భాష కూడా అంతే. వ్యవహార భాష కోసం ఊరూరా వాదించిన గిడుగు రామమూర్తిది ఈ పర్లాకిమిడే. ఆ గొడవ గుడి గోడ దాటి లోపలికి పోలేదు. ఇప్పటికీ మన సంఘాల్లో గట్టిగా చదివేది గ్రాంథికపు వాసన పోని తెలుగే.

గిడుగు మరో దారి కూడా చూపాడు. కొండెక్కి సవర గిరిజనుల మాట నేర్చుకున్నాడు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బళ్లు పెట్టాడు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. ఆయన మనసు విరిగి ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. అదే ఏడాది జూన్‌లో అదే కొండల్లో మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి కట్టాడు, పేరు సొరాంగ్ సోంపెంగ్. తెలుగు అక్షరం మైదానం నుంచి, ఒడియా అక్షరం కొత్త రాష్ట్రం నుంచి, రోమన్ అక్షరం మిషన్ నుంచి కొండెక్కుతున్న రోజులవి. గొమాంగో అనుచరులు ఆ అక్షరాలనే దైవంగా నిలిపి పూజించారు. ఈ జాతికి లిపి అంటే రాజకీయమే. ఆ తర్వాత బాప్టిస్టులైన సవరల ఇళ్లలో, చనిపోయినవారు పూజారిణి నోట మాట్లాడే ఆచారం, గోడమీద వాళ్లకోసం బొమ్మలు వేసే ఆచారం సన్నగిల్లాయి. ఆ నష్టాన్ని మానవశాస్త్రవేత్త పీర్స్ విటెబ్స్కీ ఏళ్ల తరబడి అక్కడే ఉండి రాశాడు. వాళ్ల కొత్త తరం పాటల పుస్తకాలు, చదువు, కొంత ధైర్యం సంపాదించిందనీ ఆయనే రాశాడు.

ఇక సర్కారు సంగతి. కెనడా బాప్టిస్టులు సోంపేటలో ఆసుపత్రి కట్టి ఆరోగ్యవరం అన్నారు. అక్కడి కంటి డాక్టరు బెన్ గల్లిసన్ మాట విని 1963లో కాల్గరీలో ఒక వ్యాపారి మొదలుపెట్టిన సాయమే ఆపరేషన్ ఐసైట్ సంస్థ అయింది. శుక్లాలు తీయించుకోవడానికి వచ్చినవాళ్ల కళ్లకు కులం లేదు. సర్టిఫికెట్‌కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు, ఆంధ్రలో బీసీ-సి. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు ఇతనికి తెరుచుకోలేదు. తెరవమని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. గిరిజనుడికి ఈ బెడద లేదు.

కాబట్టి మందస కొండ దిగి వచ్చిన సవర తమ్ముడూ, కింద ఊరి దళిత చెల్లెలూ ఒకే చాప మీద కూర్చుని ఒకే చౌదరి కీర్తన పాడతారు. పాట అయ్యాక తమ్ముడు తన పేరు తనే చెబుతాడు. చెల్లెలు మాత్రం ముందు అడిగినవాడెవడో చూసుకుని, బడి రికార్డులో పేరు చెప్పాలో గుడి రిజిస్టరులో పేరు చెప్పాలో ఆలోచించుకుంటుంది.