చమురు పొదుపు: బంకు వద్దనా, పొలమునందా?

ఎద్దులతో దున్నిన దినములలో రైతు ఏరు కట్టుటకు ముందు గడ్డివామును, ఉలవల గాదెను చూచుకొనెడివాడు. నేడు ఆ లెక్క డీసెలు లెక్కయైనది. దుక్కి, దమ్ము, కోత, నూర్పిడి, పంటను మార్కెటుకు చేర్చుట, వీనిలో చమురు లేనిదే సాగు పని ఒక్కటియు లేదనవచ్చును. సొంత ట్రాక్టరు లేని రైతు సయితము బాడుగ రూపమున డీసెలు వెలనే చెల్లించుచున్నాడు. ఇంటి ముంగిట మోటారుసైకిలు లేని కుటుంబములు అరుదైనవి. కారు గల కుటుంబములును పెరుగుచున్నవి. అట్లయ్యు, ఎరువు బస్తాకు పది రూపాయలు తగ్గునేమోయని నాలుగు అంగళ్లు తిరుగు మన సభ్యులు చమురు విషయమున మాత్రము "ధర ప్రభుత్వముది, కంపెనీలది, మన చేతిలో ఏమున్నది?" అని ఊరకుందురు.

ఈ అభిప్రాయముతో మేము ఏకీభవింపజాలము. ధర మన చేతిలో లేదనుట నిజమే. పెట్రోలు ధర 2010 జూన్ నుండియు, డీసెలు ధర 2014 అక్టోబరు నుండియు ప్రభుత్వ నియంత్రణమునుండి తొలగినవి. 2017 జూన్ 16 నుండి ప్రతిదినము ఉదయము 6 గంటలకు ధరను సవరించు పద్ధతి దేశమంతట అమలునకు వచ్చినది. ఆ వెలపై కేంద్రము ఎక్సయిజు సుంకమును, రాష్ట్రము వ్యాటును విధించును. జి.ఎస్.టి. 2017 లో వచ్చినను పెట్రోలు, డీసెలు అందు చేరలేదు. కావుననే రాష్ట్రమునకు రాష్ట్రమునకు ధరయందు భేదము. ఇవి రైతు మార్చగలవి కావు. కాని కొలత, నాణ్యము, వాడుక, అప్పు అను నాలుగును రైతు చేతిలోనివే. నష్టములో పెద్ద పాలు ఈ నాలుగింటనే కలదని మా నిశ్చితాభిప్రాయము.

మొదట జనులలో వ్యాపించియున్న కొన్ని నమ్మకములను తూచి చూతము. తెల్లవారుజామున పోయించుకొనిన పెట్రోలు చల్లగా, చిక్కగా ఉండుననియు, అందువలన ఎక్కువ చమురు వచ్చుననియు పలువురు చెప్పుదురు. వేడికి చమురు వ్యాకోచించుట సత్యమే. లీటరు పెట్రోలు 10 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 10 మిల్లీలీటరులు పెరుగును. డీసెలు అంతకన్న కొంచెము తక్కువ. అయితే బంకులోని చమురు భూమిలో పాతిన తొట్లలో ఉండును. పైన ఎండ ఎంత కాచినను ఉదయమునకు, మధ్యాహ్నమునకు ఆ తొట్టిలో భేదము మిక్కిలి స్వల్పము. ఒక డిగ్రీ భేదమున్నదనియే అనుకొందము. లీటరునకు ఒక మిల్లీలీటరు, అనగా లీటరు 100 రూపాయలైన 10 పైసలు మిగులును. ఈ పది పైసలకై నిద్ర చెరుపుకొనుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుటయే.

100 రూపాయలకు కాక 110 రూపాయలకు పోయించుకొనినచో మోసముండదను మాటయు ఇట్టిదే. యంత్రము తనలో ప్రవహించిన చమురును కొలిచి వెల కట్టును. మోసగింపదలచినవానికి 100 ఎంతో 110 అంతే. ఇక పొరుగు రాష్ట్రమునకు పోవు సంగతి. మన తెలుగు రాష్ట్రములు రెండును చమురుపై పన్ను ఎక్కువగా విధించు రాష్ట్రములలోనివి గనుక, సరిహద్దు గ్రామములవారు కర్ణాటకమునకును, గోదావరి ప్రాంతమువారు యానామునకును పోయి పోయించుకొనుట కలదు. దారిలో తగిలిన బంకైనచో అది లాభమే. కాని అందుకొరకే బయలుదేరువారు లెక్క వేసికొనవలెను. లీటరునకు 10 రూపాయలు తగ్గుననుకొని 20 లీటరులు పోయించుకొనినచో మిగులునది 200 రూపాయలు. లీటరునకు 15 కిలోమీటరులు నడచు కారు రాకపోకలకు 30 కిలోమీటరులు తిరిగినచో 2 లీటరులు ఖర్చగును; అదియు 200 రూపాయలే. మిగిలినది శ్రమ.

మరి బంకువద్ద చేయవలసినదేమి? ట్రాక్టరు పీటపై కూర్చుండియే డబ్బు చాచుట మానవలెను. క్రిందికి దిగి, యంత్రమున సున్న కనబడిన పిమ్మటనే పోయుటకు ఒప్పుకొనవలెను. కొలతపై సందేహము కలిగినప్పుడు 5 లీటరుల కొలపాత్రతో కొలిచి చూపుమని అడుగుటకు ప్రతి కొనుగోలుదారునకును హక్కు కలదు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర గల ఆ పాత్రను ప్రతి బంకునందును ఉంచవలెను. 5 లీటరులకు 25 మిల్లీలీటరుల వరకు భేదమును నిబంధనలు సహించును. అంతకు మించి తగ్గినచో ఆ శాఖకు వ్రాతమూలముగా తెలుపవలెను. పెట్రోలు నాణ్యమును పరీక్షించుటకు వడపోత కాగితము అడుగవచ్చును. దానిపై వేసిన బొట్టు రెండు నిమిషములలో మరక లేకుండ ఆరిపోయినచో పెట్రోలు మంచిదని గ్రహింపవచ్చును. చమురు సాంద్రతను బంకువారు ప్రతిదినము ప్రకటింపవలెను. దానినిగూర్చి అడుగుటయు తప్పు కాదు. రశీదు పుచ్చుకొనుట మరువరాదు. చక్రములకు గాలి బంకువద్ద ఉచితము; గాలి తగ్గిన చక్రము ప్రతి మైలునందును చమురు త్రాగును.

గ్రామములోని చిల్లర అంగడిలో సీసాలలో అమ్ము పెట్రోలును మేము ఎన్నడును కొనుమని చెప్పజాలము. దానికి కొలత లేదు, నాణ్యమునకు పూచీ లేదు, ధర బంకు ధరకన్న ఎక్కువ. అమ్మకమునకై లైసెన్సు లేక పెట్రోలు నిలువచేయుట చట్టవిరుద్ధము; పూరిండ్ల నడుమ అది అగ్నిభయము కూడ. సొంత వాడుకకు 30 లీటరులకు లోబడి పెట్రోలును, 2,500 లీటరులకు లోబడి డీసెలును లైసెన్సు లేక ఉంచుకొనుటకు చట్టము అనుమతించుచున్నది. డీసెలు పాత్ర ఏదియు 1,000 లీటరులకు మించినది కారాదు.

పెట్రోలునందు కలుపు ఎథనాలును గూర్చియు ఒక మాట. 2025 నాటికి పెట్రోలున నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపు స్థితి వచ్చినది. లీటరు ఎథనాలున గల శక్తి లీటరు పెట్రోలుకన్న సుమారు మూడవ వంతు తక్కువ. కావున బండి నడచు దూరము కొంత తగ్గుట సహజము. ఎథనాలు చెరకునుండి, మొక్కజొన్ననుండి, బియ్యమునుండి తీయబడుచున్నందున రైతు ఇచ్చట కొనువాడును, అమ్మువాడును అగుచున్నాడు. ఒక చేత పోయినది మరియొక చేత రావచ్చును. అయితే ఎథనాలు తేమను పీల్చుకొను స్వభావము కలది. మందుకొట్టు యంత్రములలోను, మూతలు సరిగా లేని డబ్బాలలోను వానకాలమంతయు పెట్రోలును నిలువయుంచుట మానవలెను. కావలసినంతయే తెచ్చుకొని, పని ముగిసిన పిమ్మట యంత్రపు తొట్టిని ఖాళీచేయుట మేలు.

ఇక పొలములోనికి పోదము. బంకువద్ద పైసలు మిగులును. పొలమునందు రూపాయలు మిగులును. గ్రామములందు ప్రదర్శనలు జరుపునపుడు మేము తరచు చూచుచున్నదేమనగా, గట్టుపై మాటలాడుచున్నంతసేపును ట్రాక్టరు ఊరక మ్రోగుచునే యుండును. అట్లు నిలిచి మ్రోగు ట్రాక్టరు గంటకు సుమారు లీటరు డీసెలు వరకు త్రాగును. దినమునకు అరగంట చొప్పున వంద దినములు గడచినచో 50 లీటరులు గాలిలో కలిసినట్లే. గొట్టము అతుకువద్ద సెకనుకు ఒక బొట్టు కారుచున్నను మనవారు గుడ్డపీలిక చుట్టి ఊరకుందురు. 20 బొట్లు ఒక మిల్లీలీటరనుకొనినను అది రోజునకు 4 లీటరులకు పైమాట.

గాలి వడపోత దుమ్ముతో పూడుకొనినచో ఇంజను ఊపిరాడక నల్లపొగ క్రక్కును. ఆ పొగ కాలని డీసెలే. మెట్ట దుక్కులలో దానిని ప్రతిదినము చూడవలెను. చక్రములు జారుచున్నచో బండి కదలకయే డీసెలు కదలును. నూటికి 15 పాళ్లకు మించి జారుట నష్టము. తగిన బరువు వేసియు, గాలిని సరిచూచియు దానిని అరికట్టవలెను. తేలిక పనులకు పై గేరు వేసి ఇంజను వేగమును తగ్గించవలెను. చిన్న కమతములందు అడ్డముగా దున్ని మాటిమాటికి త్రిప్పుటకన్న పొడవున దున్నుట వలన వట్టి తిరుగుళ్లు తగ్గును. డీసెలు తొట్టిని నింపుటకు తగిన వేళ తెల్లవారుజాము కాదు, పని ముగిసిన సాయంకాలము. సగము ఖాళీయైన తొట్టిలోని గాలి రాత్రి చల్లబడి తేమ నీరుగా దిగును; ఆ నీరు ఇంజెక్టరులను చెరుపును. నిండు తొట్టిలో గాలికి చోటు లేదు గనుక ఆ భయము స్వల్పము.

వీనన్నిటికి మూలము లెక్కపుస్తకము. తొట్టి నిండ పోసి పని మొదలిడి, పని ముగిసిన పిమ్మట మరల నిండించుటకు ఎన్ని లీటరులు పట్టినదో చూచి, ఎకరములతో భాగించిన చాలును. ఎకరమునకు పట్టు డీసెలు తెలియును. అది ఒక నెలలో పెరిగినచో ఇంజనునందో, నడుపువానియందో, కొలతయందో లోపము కలదని తెలిసికొనవచ్చును. లెక్క లేనివానికి లోపమును తెలియదు, పొదుపును తెలియదు.

ఇంతవరకు చెప్పినవానినన్నిటిని మించిన నష్టము అప్పు. ఏరువాక నాడు చేత రొక్కము లేని రైతు డీసెలును అరువునకు తెచ్చుకొని కోతల తరువాత చెల్లించును. లీటరు 96 రూపాయలైనచో అతని ఖాతాలో 102 వ్రాయబడును. ఆరు రూపాయలే కదా యని అతడు అనుకొనును. కాని 96 రూపాయలకు నాలుగు నెలలకు 6 రూపాయలనగా ఏడాదికి నూటికి 18 రూపాయలు దాటిన వడ్డీ. సంఘము ద్వారా 3 లక్షల వరకు ఇచ్చు పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులో చెల్లించినవారికి రాయితీ పోను 4 మాత్రమే. ఇంటనే చౌక సొమ్ముండగా వీధిలో ఖరీదైన సొమ్ము తెచ్చుకొనుట ఏమి వివేకము? పైపెచ్చు అరువునకు తెచ్చుకొనువాడు కొలతను అడుగలేడు, రశీదును అడుగలేడు, పంటను తాను కోరినచోట అమ్ముకొననులేడు. ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

2023 నుండి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు పెట్రోలు బంకులు పొందుటకు కేంద్ర ప్రభుత్వము ప్రాధాన్యమిచ్చుచున్నందున, మన సంఘమును ఒక బంకు పెట్టవలెనని పలువురు సభ్యులు కోరుచున్నారు. కోరిక మంచిదే. కాని వారిలో అనేకులు "మన బంకైనచో అరువిచ్చును గదా" అని ఆశించుచున్నారు. దీనిని మేము గట్టిగా వ్యతిరేకించుచున్నాము. అమ్మకముపై సంఘమునకు మిగులు కమీషను లీటరునకు 3 రూపాయలని ఎంచినను, వసూలు కాని ఒక్క లీటరు ముప్పదికి పైగా లీటరుల కమీషనును మ్రింగును. 12,000 లీటరుల లారీ ఒకటి దించుకొనుటకే 11 లక్షలకు పైగా రొక్కము కావలెను. ఆ రొక్కము సభ్యుల ఖాతాలలో చిక్కినచో రెండవ లారీ రాదు. వరికోతల నడుమ బంకు మూతపడును. అప్పుడు రొక్కమిచ్చిన సభ్యుడును, ఈయని సభ్యుడును ఒకే రీతిగా పరుల బంకునకు పరుగిడవలసివచ్చును.

కష్టకాలమున ఆదుకొనని సంఘము సంఘమేనా యని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆదుకొనవలెను, కాని ఆదుకొనవలసినది ఋణముల రిజిస్టరునందు, బంకు మీటరువద్ద కాదు. పంట ఋణము మంజూరు చేయునప్పుడే సభ్యుని సాగుకు కావలసిన డీసెలు ఖర్చును లెక్కగట్టి, ఏరువాకకు ముందే అతని చేతికి అందజేయవలెను. ఋణము శ్రావణములో చేతికి వచ్చినచో జ్యేష్ఠములో అతడు అరువునకు పోక ఏమి చేయగలడు? అట్టి ఆలస్యమునకు సభ్యుని నిందించుట తగదు. అది పాలకవర్గము సరిదిద్దుకొనవలసిన పని.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయవలెనని మా సూచన. ఒకటి: ట్రాక్టరు గల ప్రతి సభ్యుడును డీసెలు లెక్కపుస్తకము నుంచి, సంవత్సరమునకొకమారు సంఘమునకు చూపవలెను. రెండు: సంఘము ముద్ర గల 5 లీటరుల కొలపాత్రనొకదానిని కొని, సభ్యులు తెచ్చు డబ్బాలను దానితో కొలిచి గుర్తులు వేయించి యీయవలెను. మూడు: పంట ఋణము ఏరువాకకు పూర్వమే పంచబడవలెను; బంకు పెట్టినచో అధ్యక్షుడు మొదలుకొని గుమాస్తా వరకు ఎవరికిని అరువు లేదని నియమము వ్రాసికొనవలెను.

ఈ మూడును నెరవేర్చిన సంఘమునకు బంకు భారము కాదు. నెరవేర్చని సంఘమునకు బంకు మరియొక మొండిబాకీల పద్దు మాత్రమే కాగలదు. సభ్యులు ఆలోచించి నిర్ణయింతురుగాక.