శూన్య గణితము – పూర్ణ తత్త్వము

శూన్యాన్ని లోకానికి ప్రసాదించినది భారతదేశమని ఉపన్యాస వేదికలపై సగర్వంగా ప్రకటించడం ఆస్తికులకు పరిపాటి. ఆ గర్వం నిర్హేతుకం కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధన, ఋణ, శూన్య రాశులకు సంకలన, వ్యవకలన, గుణకార నియమాలను స్పష్టంగా నిర్దేశించాడు. నేడు ఉన్నత పాఠశాలలో విద్యార్థి అభ్యసించే పూర్ణసంఖ్యా నియమాలు తత్త్వతః అవే. అయితే, పూర్వుల కీర్తిని వల్లించే గృహాలలోనే, "ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమెందుకు అవుతుంది?" అని బాలుడు ప్రశ్నిస్తే, "అది సూత్రం, కంఠస్థం చెయ్యి" అన్న సమాధానమే లభించడం శోచనీయం.

ఆ ప్రశ్నకు ఉపపత్తి ఉన్నది. రెండూ, ఋణ రెండూ కలిస్తే శూన్యం. ఆ శూన్యాన్ని ఋణ మూడుతో గుణించినా ఫలం శూన్యమే. విభాగ న్యాయాన్ని అనుసరించి విడివిడిగా గుణిస్తే, రెండును ఋణ మూడుతో గుణించిన ఫలం ఋణ ఆరు. మొత్తం శూన్యం కావాలంటే, ఋణ రెండును ఋణ మూడుతో గుణించిన ఫలం ధన ఆరే కావాలి. ఈ స్వల్ప వివరణతో, అంతవరకు ఆజ్ఞగా తోచిన నియమం జ్ఞానంగా పరిణమిస్తుంది.

శూన్య భాగహారం విషయంలోనూ ఇట్టి విచారణే అవసరం. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యమని బ్రహ్మగుప్తుడు చెప్పాడు. ఐదును శూన్యంతో గుణించినా, ఏడును గుణించినా శూన్యమే వస్తుంది గనుక, ఆ భాగఫలాన్ని నిశ్చయించడం అసాధ్యం. 12వ శతాబ్దికి చెందిన భాస్కరాచార్యుడు శూన్యం హారంగా గల రాశిని ఖహరమని పేర్కొని, సృష్టి ప్రళయాలలో వికారం చెందని అచ్యుతునితో పోల్చాడు. ఉపమానం రమణీయమే. కానీ ఐదును, ఏడును శూన్యంతో భాగించగా వచ్చే అనంతం ఒకే సంఖ్య అయితే, తిరిగి గుణించినప్పుడు ఐదూ ఏడూ సమానం కావలసి వస్తుంది. అందుకే శూన్యంతో భాగహారం నిర్వచితం కాదని నేటి పాఠ్యపుస్తకం బోధిస్తుంది.

ఈ దోషాన్ని గుర్తించడం ఆచార్య నింద కాదు. పూర్వపక్షాన్ని పరీక్షించి సిద్ధాంతాన్ని స్థాపించడమే శాస్త్ర మర్యాద. భాస్కరుని బీజగణితానికి వ్యాఖ్యానం రచించిన కృష్ణ దైవజ్ఞుడు సూత్రాలకు ఉపపత్తులను ప్రదర్శించినది ఆ మర్యాదతోనే.

ఈశావాస్యోపనిషత్తు శాంతిమంత్రంలోని పూర్ణ శబ్దాన్ని అనంత గణితంగా వ్యాఖ్యానించే ధోరణి కూడా పునర్విచారణీయం. ఆ మంత్రానికి విషయం బ్రహ్మము. బ్రహ్మము గణనకు అతీతం. గణితం ఇచ్చే ప్రమాణపత్రం మంత్రానికి అక్కరలేదు. మంత్రపు ఆశ్రయం గణితానికీ అక్కరలేదు.

బీజగణితంలో తెలియని రాశికి పూర్వులు పెట్టిన పేరు అవ్యక్తం. తెలిసిన దానిని ఆధారంగా చేసుకుని, ప్రతి సోపానాన్నీ యుక్తితో పరీక్షిస్తూ తెలియని దానిని చేరుకోవడమే సమీకరణ సాధన. "ఎందుకు?" అని అడిగే బాలుడు ఆ సాధనను ఆరంభించినవాడు. అతనిని మౌనం వహింపజేసి పూర్వుల ఘనతను ఎంత కీర్తించినా, అది వారి మార్గాన్ని అనుసరించడం కానేరదు.