ముందు కాగితం, తర్వాతే కంప్యూటరు

తహసీలు కచేరీలో దస్త్రాల కట్టలు విప్పి చూసే రోజులు పోయాయి. ఇప్పుడు భూమి లెక్కంతా కంప్యూటరులోనే. సంతోషమే. కాని రైతు నోటితో చెప్పిన కోరిక కంప్యూటరులోకి చేరేలోగా ఎన్ని చేతులు మారుతోందో, ఎక్కడ అర్థం తారుమారవుతోందో పట్టించుకునే వారేరి?

ఒక్క ఉదాహరణ చాలు. తెలంగాణ పహాణీలో 1-20 అని వుంటే ఎకరం ఇరవై గుంటలని అర్థం. ఎకరానికి 40 గుంటలు కనుక అది ఎకరంన్నర. అదే ఆంధ్రలో 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు, అనగా 48 గుంటలే. ఈ తేడా ఎవరూ వ్రాసి యివ్వకపోతే ఎక్కడో కూర్చుని ప్రోగ్రాము వ్రాసే కుర్రవాడికి ఎలా తెలుస్తుంది? దశాంశమనుకుంటే రైతు లెక్కలో 12 గుంటలు ఎగిరిపోతాయి. ఆ తప్పు కంప్యూటరుది కాదు, కుర్రవాడిదీ కాదు. అడగవలసింది అడిగి వ్రాసుకోని వారిది.

"పేరు తప్పు పడింది, సరిచేయండి" అని రైతు ఒక్క ముక్కలో అంటాడు. అందులో ఎన్నో ప్రశ్నలున్నాయి. తప్పింది అక్షరమా, మనిషే మారాడా? పట్టాదారు చనిపోతే వారసులు అడుగుతున్నారా? ఏ కాగితం చూపాలి? విచారించేదెవరు? ఎన్నాళ్లలో తేల్చాలి? కాదంటే కారణం వ్రాసి యిస్తారా? అప్పీలు ఎవరికి? వీటికి జవాబులు వ్రాసిన కాగితాన్నే సాఫ్ట్‌వేర్ వారు స్పెసిఫికేషన్ అంటారు. దాన్నిబట్టి ఏది ఎక్కడ వుండాలో నిర్ణయించేది డిజైను. ఇంటికి ప్లాను వంటిది. గోడలు లేచాక వంటిల్లు మరిచామంటే పడగొట్టక తప్పదు.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి విషయంలో జరిగిందిదే. మొదట్లో తప్పులు దిద్దుకునే దారి సరిగా లేదు. అర్జీలు పేరుకున్న కొద్దీ ఒక్కొక్క మాడ్యూలు అతికిస్తూ పోయారు. ఏ మాడ్యూలులో అర్జీ పెట్టాలో తెలియక రైతులు మీసేవ కేంద్రాల చుట్టూ తిరిగారు. కొన్ని లోపాలు చట్టంలోనివే కావచ్చు. కాని చట్టం తెరమీదికి వచ్చేముందు గ్రామాల్లో అడిగి వుంటే కొన్ని తిప్పలైనా తప్పేవి. చివరకు కొత్త చట్టం చేసి, 2025 ఏప్రిల్ 14న భూభారతిని తెచ్చారు.

పేరు మారినంత మాత్రాన పద్ధతి మారదు. ఇకముందు ఏ కొత్త సదుపాయం పెట్టినా ముందు దాని ముసాయిదాను తెలుగులో వ్రాయాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. రెవిన్యూ సిబ్బంది, సర్వేయర్లు, రైతులు చెప్పిన సవరణలు చేర్చి, బాధ్యులైన అధికారి సంతకం చేయాలి. ప్రతి మండలంలో పది పాత చిక్కు ఫైళ్లు తీసి, ఆ ముసాయిదా ప్రకారం అవి తేలుతాయో లేదో చూడాలి. తేలకపోతే దిద్దవలసింది అప్పుడే. కాగితం మీద ఒక గీత కొట్టేస్తే సరిపోయే పనికి రైతును ఏళ్ల తరబడి తిప్పడం న్యాయం కాదు. అధికారులు ఆలోచించాలి.