ఎన్నికకు ముందు ఎన్నిక

ప్రజాస్వామ్యంలో ఓటు పవిత్రమైనదని చిన్ననాటి నుండి వింటూ వచ్చాము. ఎన్నికల నాడు వరుసలో నిలబడి, వేలిమీద సిరాచుక్క వేయించుకొని, మన కర్తవ్యం నెరవేరినదన్న సంతృప్తితో ఇల్లు చేరుతాము. అయితే ఆ ఓటింగు యంత్రం మీద ఆ నాలుగైదు పేర్లే ఎందుకు ఉన్నవి? వాటిని అక్కడ ఉంచినదెవరు? ఉండదగిన మరొక పేరును తొలగించినదెవరు? ఈ ప్రశ్నలు వేసుకొనేవారు అరుదు. ఎన్నికల ఫలితంలో సగభాగం ఈ ప్రశ్నల సమాధానంలోనే ఉన్నదని మా అభిప్రాయం. అందుకు అమెరికా దేశపు ప్రైమరీ ఎన్నికలను ఉదాహరణగా తీసుకొంటున్నాము. మన దేశంలో మూసిన తలుపుల వెనుక జరిగే పని అక్కడ పదిమంది కళ్ళముందు జరుగుతుంది కనుక, దానిని చూసి నేర్చుకోవడం సులభం.

అమెరికాలో ‘కాంగ్రెసు’ అనగా మన దేశంలోవలె ఒక రాజకీయ పక్షం కాదు. అది ఆ దేశపు చట్టసభ. అందులో ప్రతినిధుల సభకు 435 మంది, సెనేటుకు 100 మంది సభ్యులు ఉంటారు. ప్రతినిధుల సభకు రెండేండ్లకొకసారి నవంబరు మాసంలో ఎన్నిక జరుగుతుంది. లోకమంతా గమనించేది ఆ ఎన్నికనే. దానికి కొన్ని నెలల ముందు, ఆయా రాష్ట్రాలు నిర్ణయించుకొన్న వేర్వేరు తేదీలలో, మరొక ఎన్నిక జరుగుతుంది. ఒక పక్షం తరఫున నిలబడదలచినవారు నలుగురైదుగురు ఉంటే, వారిలో అభ్యర్థి ఎవరన్నది పక్షం పెద్దలు గాక ఓటర్లే తేలుస్తారు. దీనినే ప్రైమరీ అంటారు. కొన్ని రాష్ట్రాలలో ఆ పక్షం పేరుతో నమోదైన ఓటర్లకే ఇందులో ప్రవేశం. వర్జీనియా వంటి రాష్ట్రాలలో ఏ ఓటరైనా తాను కోరుకొన్న ఒక పక్షపు ప్రైమరీలో పాల్గొనవచ్చు. టెక్సాసులో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి నడుమ మళ్ళీ పోటీ పెడతారు.

ఈ పద్ధతి ఆ దేశానికి పుట్టుకతో వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడ కూడా అభ్యర్థులను పక్షాల నాయకులు, వారి వెనుక ఉన్న ధనవంతులు నిర్ణయించేవారు. విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నరు రాబర్ట్ లా ఫాలెట్ ఈ ఆచారంపై ఏండ్ల తరబడి పోరాడారు. 1903లో ఆ రాష్ట్ర శాసనసభ ప్రైమరీ చట్టాన్ని ఆమోదించినది. మరుసటి సంవత్సరం ప్రజలు తమ ఓటుతో దానిని బలపరచారు. ఆ తర్వాత ఇతర రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటిగా అదే దారి పట్టాయి.

అభ్యర్థిని ఎంపిక చేసే హక్కు ఎంత విలువైనదో తెలియవలెనంటే, దానిని పోగొట్టుకొన్నవారి చరిత్ర చదవవలెను. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో టెక్సాసులో డెమొక్రటిక్ పక్షానిదే ఏకచ్ఛత్రాధిపత్యం. ఆ పక్షపు ప్రైమరీలో గెలిచినవాడు నవంబరులో గెలిచినట్లే లెక్క. 1923లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి, నల్లజాతి పౌరులు డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటు వేయరాదని శాసించినది. నవంబరు ఎన్నికలో వారి ఓటుకు అడ్డు చెప్పనక్కరలేదు. అప్పటికే అంతా తేలిపోయి ఉండేది. ఎల్ పాసో పట్టణపు వైద్యుడు లారెన్స్ నిక్సన్ న్యాయస్థానానికి వెళ్ళగా, 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినది. వెంటనే రాష్ట్రం ఆ అధికారాన్ని పక్షపు కార్యవర్గానికి అప్పగించినది. 1932లో అదీ చెల్లలేదు. అప్పుడు పక్షపు మహాసభే ఆ నిషేధాన్ని తీర్మానించినది. పక్షం అనేది ప్రైవేటు సంఘమని చెప్పి 1935లో న్యాయస్థానం దానిని సమర్థించినది. చివరకు హ్యూస్టన్ నగరపు దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన దావాలో, తర్గుడ్ మార్షల్ ప్రభృతుల వాదన విని, 1944 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. ప్రైమరీ కూడా ఎన్నికే అని అంగీకరింపజేయడానికి ఇరవై ఏండ్లు పట్టినది. చేతిలో ఓటు ఉన్నా ఎంపికలో పాలు లేనివాడికి దక్కేది కేవలం హాజరు మాత్రమేనన్నది ఈ చరిత్ర చెప్పే పాఠం.

ఎంపిక దశలో సామాన్య ఓటరు బలం ఎంతటిదో ఇటీవలి ఉదాహరణలు చెబుతాయి. 2014 జూన్ 10న వర్జీనియా ఏడవ నియోజకవర్గపు రిపబ్లికన్ ప్రైమరీలో, ప్రతినిధుల సభలో అధికపక్ష నాయకుడైన ఎరిక్ కాంటర్ ఓడిపోయారు. ఆయన ప్రచారానికి 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చయినది. ఓడించిన డేవ్ బ్రాట్ ఖర్చు సుమారు రెండు లక్షల డాలర్లు. ఆయన వృత్తి ర్యాండాల్ఫ్ మేకన్ అనే చిన్న కళాశాలలో అర్థశాస్త్రం బోధించడం. నవంబరులో ఆయనపై నిలబడిన డెమొక్రటిక్ అభ్యర్థి జాక్ ట్రామెల్ కూడా అదే కళాశాల అధ్యాపకుడు కావడం విశేషం. ఏడు లక్షలకు పైగా జనాభా గల నియోజకవర్గంలో ఆనాటి ప్రైమరీలో పోలైనవి దాదాపు 65 వేల ఓట్లు. తక్కినవారు ఇంట కూర్చున్నారు. వారి ప్రతినిధిని ఆ 65 వేల మందే మార్చివేశారు.

2018 ఆగస్టు 7న డెట్రాయిట్ ప్రాంతంలో జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. చిరకాల సభ్యుడు జాన్ కాన్యర్స్ అంతకు ముందు డిసెంబరులో రాజీనామా చేయడం వలన మిషిగన్ పదమూడవ స్థానానికి ఒకే రోజున రెండు డెమొక్రటిక్ ప్రైమరీలు జరిగాయి: మిగిలిన కొద్ది కాలానికి ఒకటి, తర్వాతి పూర్తి కాలానికి మరొకటి. మొదటిదానిలో నలుగురు పోటీ చేయగా బ్రెండా జోన్స్ దాదాపు 1,600 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండవదానిలో ఆరుగురు పోటీ చేయగా రషీదా త్లైబ్ సుమారు 900 ఓట్ల తేడాతో గెలిచారు. అదే రోజు, అవే పోలింగు కేంద్రాలు. బరిలో ఇద్దరు పెరిగేసరికి విజేత మారిపోయారు. ఓట్లు చీలితే ఏమౌతుందో మన బస్తీలలో అనుభవం మీద అందరికీ తెలుసు; ఇక్కడ అది అంకెలలో కనిపిస్తుంది. నవంబరులో పూర్తికాలపు స్థానానికి రిపబ్లికన్ పక్షం అభ్యర్థినే నిలపలేదు. ఆ విధంగా, మిన్నెసోటా నుండి ఎన్నికైన ఇల్హాన్ ఒమర్‌తో పాటు, అమెరికా కాంగ్రెసులో ప్రవేశించిన తొలి ముస్లిం మహిళలలో ఒకరి భవితవ్యం ఆగస్టులోనే, 900 ఓట్లతో తేలిపోయినది.

మన నేలతో సంబంధం గల ఇద్దరి సంగతి కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. హైదరాబాదులో జన్మించిన తెలుగు మహిళ అరుణా మిల్లర్ 2018లో మేరీలాండ్ ఆరవ నియోజకవర్గపు డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీ చేసి, కోటి డాలర్లకు పైగా సొంత ధనం వెచ్చించిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. ఆమె ప్రజాజీవితం అంతటితో ముగియలేదు. 2022లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. హైదరాబాదులోనే జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరి, సాహిత్యంలో డాక్టరేటు పొంది, ఏండ్ల తరబడి కళాశాలలో బోధించిన గజాలా హష్మీ 2019లో వర్జీనియా సెనేటుకు ఎన్నికయ్యారు. 2025 జూన్‌లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు పదవికి జరిగిన డెమొక్రటిక్ ప్రైమరీలో ఆరుగురిలో ప్రథమ స్థానం పొందారు. మూడవ వంతు ఓట్లు కూడా రాకుండానే ఆ స్థానం లభించినది. నవంబరులో ఆమె గెలిచారు. ఈ ఇద్దరి పేర్లను గర్వంతో ఉచ్చరించే మనము, వారికి ద్వారం తెరచిన విధానమేదో కూడా తెలుసుకోవలెను. ఏ అధిష్ఠానమో పిలిచి టికెట్టు చేతిలో పెట్టినందున వారు నిలబడలేదు. ఓటర్ల ముందుకు వెళ్ళి, అడిగి, లెక్కింపులో తేల్చుకొన్నారు.

ప్రైమరీలో లోపాలు లేవని మేము అనడం లేదు. పాల్గొనేవారు తక్కువ కనుక, తీవ్రమైన పట్టుదల గల కొద్దిమంది మాట చెల్లుతుంది, మధ్యేవాదులు నష్టపోతారు. ఒకసారి ధనం ఓడితే మరొకసారి ధనమే గెలుస్తుంది. పైన చెప్పిన కాంటర్, ట్రోన్‌ల ఉదాహరణలే అందుకు సాక్ష్యం. కనుక ఆ పద్ధతిని ఉన్నదున్నట్లుగా దిగుమతి చేసుకోవలెనని మా వాదన కాదు. అభ్యర్థి ఎంపిక ప్రజల విషయమన్న సూత్రాన్ని గ్రహించవలెనని మా విన్నపం.

మన దేశంలో జరిగేదేమిటి? టికెట్టు కోసం ఆశావహులు రాజధానికి పరుగులు తీస్తారు. జాబితా ఒక రాత్రి వెలువడుతుంది. ఎవరికి ఎందుకు వచ్చినదో, ఎవరికి ఎందుకు రాలేదో చెప్పేవారుండరు. నామినేషన్ల గడువు ముగిసే ఘడియలో బి ఫారం ఒక చేతి నుండి మరొక చేతికి మారిన సందర్భాలు మనకు కొత్త కావు. 2014 లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెసు పార్టీ కొన్ని నియోజకవర్గాలలో అభ్యర్థులను అంతర్గత ఓటింగు ద్వారా ఎంపిక చేయడానికి ప్రయత్నించినది. అందులో ఓటు పార్టీ కార్యకర్తలకే గాని సాధారణ ఓటర్లకు లేదు. వడోదరలో ఆ విధంగా ఎంపికైన అభ్యర్థి, ప్రత్యర్థిగా నరేంద్ర మోదీ నిలవడంతో తప్పుకొనగా, ఆ స్థానంలో మధుసూదన్ మిస్త్రీని నిలిపారు. ప్రయత్నం మంచిదే, అది వేళ్ళూనలేదు.

పైస్థాయిలో మన మాట చెల్లకపోవచ్చు. వార్డు స్థాయిలో చెల్లుతుంది. 73, 74వ రాజ్యాంగ సవరణల వలన పంచాయతీలకు, పురపాలక సంఘాలకు క్రమబద్ధమైన ఎన్నికలు రాజ్యాంగ విధి అయ్యాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సర్పంచు ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతుంది. స్థానిక సంస్థలలో సగం స్థానాలు మహిళలవి. 21 ఏండ్లు నిండినవారు పోటీ చేయవచ్చు. అనగా ఈ కళాశాల నుండి పట్టా పుచ్చుకొని వెళ్ళే విద్యార్థి, విద్యార్థిని ఇద్దరూ అర్హులే. అయితే మన మొహల్లాలలో జరుగుతున్నదేమిటి? ఇద్దరు ముగ్గురు పెద్దలు కూర్చొని ఒక పేరు ఖాయం చేస్తారు. స్థానం మహిళకు కేటాయించబడితే, ఒక నాయకుని భార్య పేరు కాగితం మీద ఎక్కుతుంది; మాట్లాడేది ఆయనే. ఆ తర్వాత ఐదేండ్లు మురుగు కాలువ బాగుపడలేదని, వీధిదీపం వెలగలేదని మనమే విచారిస్తాము. పేరు ఖాయమైన నాడు మనమెక్కడ ఉన్నాము? అల్పసంఖ్యాకులమైన మనకు ఈ ప్రశ్న మరింత అవసరం. మన ఓట్లు ఎటు పడతాయని ఎన్నికల ముందు అందరూ లెక్కలు వేస్తారు. మన అభిప్రాయం ఏమిటని ఎంపిక ముందు అడిగేవారు లేరు. అడగమని మనమూ కోరలేదు.

విద్యార్థులకు రాజకీయాలెందుకని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. జెండాలు మోయమని, నినాదాలు చేయమని మేము చెప్పడం లేదు. ఒక పోటీని మొదటి నుండి చివరి వరకు అంకెలతో సహా గమనించడం కూడా విద్యాభ్యాసమే. క్రికెట్టు పందెంలో ప్రతి బంతినీ గుర్తుంచుకొనే మన యువకులు, తమ వార్డులో ఎందరు ఓటర్లున్నారో, గతసారి ఎన్ని ఓట్ల తేడాతో గెలుపు తేలినదో చెప్పలేకపోవడం శోచనీయం.

కనుక కళాశాల సంఘం వారికి ఒక సూచన. స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడెల్లా మన గ్రంథాలయం వెలుపల ఒక గోడపత్రిక నడపవలెను; ఒక ప్రక్క తెలుగు, మరొక ప్రక్క ఉర్దూ. ఒక వార్డును ఎంచుకొని, ప్రకటన వెలువడిన నాటి నుండి లెక్కింపు వరకు విద్యార్థులు దాని వృత్తాంతం వ్రాయవలెను. ఎవరు నిలబడదలచారు, ఎవరు విరమించుకొన్నారు, ఏ కారణం చెప్పారు, ఎందరు ఓటు వేశారు, తేడా ఎంత అన్నవి అందులో ఉండవలెను. ఏ పక్షాన్నీ పొగడరాదు, తెగడరాదు. తరగతి ప్రతినిధుల ఎంపిక కూడా అధ్యాపకుల సిఫారసుతో గాక, తరగతి ఎదుట పేర్లు ప్రతిపాదించి, ఓటు ద్వారా జరిగితే ఆ అలవాటు ఇక్కడనే మొదలౌతుంది.

విద్యార్థులకు ఒక మాట. 2022 నుండి ఓటరు నమోదుకు సంవత్సరంలో నాలుగు అర్హత తేదీలు ఉన్నవి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మాసాల ఒకటవ తేదీలు. పద్దెనిమిది నిండినవారు ఫారం 6 నింపి, జాబితాలో తమ పేరు, తల్లి పేరు, సోదరి పేరు సరిగా ఉన్నదో లేదో చూసుకొనవలెను. తర్వాత మొహల్లాలో పెద్దలు కూర్చొనే చోటికి వెళ్ళి, వినయంగా, ‘ఈసారి ఎవరిని నిలుపుతున్నారు, ఎందుకు?’ అని అడగవలెను. టెక్సాసులో ఒక దంతవైద్యుడు న్యాయస్థానంలో అడిగినది కూడా ఇంతకంటె పెద్ద ప్రశ్న కాదు.