కెమెరా పోయిందా, ఎత్తుకుపోయారా?

"వస్తువు పోయినా, పాడైనా పూర్తి బాధ్యత కస్టమర్‌దే. కొత్త వస్తువు ధర చెల్లించవలెను."

కెమెరాలు అద్దెకిచ్చే షాపుల్లో రసీదు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే లైను ఇది. ఆ "చెల్లించవలెను" చూసి సగం మంది భయపడతారు. మిగతా సగం మంది అసలు చదవరు. సంతకం గీకేసి, ఒరిజినల్ ఆధార్ కౌంటర్ మీద పడేసి, బ్యాగు భుజానికేసుకుని పెళ్లికి పరిగెత్తడమే.

ఈ ముహూర్తాల సీజన్‌లో నాకొచ్చిన ఫోన్లలో ఒకటి మా ఊరి కుర్రాడిది. నాకు తమ్ముడి వరస. బీటెక్ అయింది, ఉద్యోగం కోసం చూస్తున్నాడు, ఈలోగా పెళ్లిళ్లకు క్యాండిడ్ ఫొటోలు తీస్తున్నాడు. ఒక పాత కెమెరా సొంతం, రెండో బాడీ, పెద్ద జూమ్ లెన్స్ మాత్రం అద్దెకు తెచ్చుకుంటాడు. ఖమ్మం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో, అందరి కళ్లూ తలంబ్రాల మీద ఉన్న టైంలో, స్టేజీ పక్కన పెట్టిన బ్యాగు మాయమైంది. అద్దె సామానంతా అందులోనే.

"అక్కా, మూడు లక్షల అరవై వేలు కట్టమంటున్నారు. నాన్నకు తెలిస్తే పొలం మీద అప్పు తెస్తాడు. చెప్పొద్దు ప్లీజ్."

"షాపాయనకు ఇన్సూరెన్స్ లేదా?"

"ఉందట. అది షాపులో దొంగలు పడితేనే అట."

ఇక్కడే ఒక ముక్క చెప్పాలి. వస్తువు అద్దెకు తీసుకుంటే దాని బాధ్యత ఎవరిదనే ప్రశ్నకు మన దేశంలో జవాబు 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్‌లో ఉంది. వస్తువు ఒకరిదై, కొన్నాళ్లు ఇంకొకరి చేతిలో ఉండి, తిరిగి ఇచ్చేయాల్సిన వ్యవహారాన్ని ఆ చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. జైలు నుంచి వచ్చే బెయిల్‌తో దీనికి సంబంధం లేదు. సెక్షన్ 151 ఏమంటుందంటే, మామూలు బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అద్దె వస్తువునూ అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. అంతకు మించి అక్కర్లేదు. అలా చూసుకున్నా పోతే, సెక్షన్ 152 ప్రకారం అద్దెకు తీసుకున్నవాడిది తప్పు కాదు.

బాగుంది కదా? ఆగండి. రెండు మెలికలున్నాయి.

మొదటిది, జాగ్రత్తగా ఉన్నానని రుజువు చేసుకోవాల్సింది మీరే. వస్తువు మీ చేతిలో ఉండగా పోయింది కాబట్టి షాపువాడు "ఇచ్చాను, తిరిగి రాలేదు" అంటే చాలు, మిగతా కథ మీరే చెప్పుకోవాలి. మా తమ్ముడికి ఇక్కడ అదృష్టం కొంచెం కలిసొచ్చింది. లైట్ బాయ్‌ని బ్యాగు దగ్గరే కూర్చోబెట్టాడు. ఆ అబ్బాయి అక్కడే కూర్చున్నట్టు వీడియోవాళ్ల ఫుటేజీలో కనిపిస్తోంది. పెళ్లికూతురి తరఫువాళ్లు లైటు పట్టుకోమని పిలిస్తే రెండు నిమిషాలు లేచాడు, అంతే. అదే బ్యాగును కారు వెనక సీట్లో అద్దంలోంచి కనబడేలా వదిలేసి భోజనానికి వెళ్లి ఉంటే, నేను కూడా "కట్టేయ్ నాన్నా" అనేదాన్ని.

రెండోది అసలు మెలిక. సెక్షన్ 152 "వేరే ప్రత్యేక ఒప్పందం లేకపోతే" అని మొదలవుతుంది. రసీదు కింద మీరు సంతకం పెట్టిన ఆ చీమ అక్షరాల లైనే ప్రత్యేక ఒప్పందం. ఎంత జాగ్రత్తగా ఉన్నా, పోతే నాదే బాధ్యత అని మీరు ఒప్పుకున్నట్టు. చదవలేదంటే చెల్లడం కష్టం.

అయితే ఎంత కట్టాలి అన్నది వేరే లెక్క. కొన్నేళ్లుగా వందల పెళ్లిళ్లు తిరిగిన కెమెరాకి కొత్త కెమెరా ధర ఇవ్వమని రాసుకున్నంత మాత్రాన కోర్టు కళ్లు మూసుకుని ఇప్పించదు. సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం పై హద్దు మాత్రమే. ఆ లోపు సమంజసమైన నష్టపరిహారమే వస్తుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో అదే మోడల్, అదే వయసు కెమెరా ఎంతకు దొరుకుతుందో చూపించి మాట్లాడమన్నాను. నాలుగు స్క్రీన్‌షాట్లు పట్టుకెళ్లాడు. షాపాయనకీ బ్యాంకు ఈఎంఐలున్నాయి, ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. మూడు రోజులు బేరమాడి లక్షా తొంభై వేలకు దిగారు, పది నెలల వాయిదాలు. ఆధార్ వెనక్కిచ్చాడు. నాన్నకు మాత్రం తెలిసిపోయింది, ఊరు కదా.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చే ముక్క ఇంకొకటుంది. సెక్షన్ 154 కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. కలకత్తాలో ఒకాయన బెనారస్ వెళ్తానని చెప్పి గుర్రం అద్దెకు తీసుకున్నాడు. జాగ్రత్తగానే నడిపాడు గానీ బెనారస్ బదులు కటక్ పోయాడు. దారిలో గుర్రం అనుకోకుండా పడి దెబ్బతింది. తప్పు లేకపోయినా డబ్బు కట్టాల్సిందే, ఎందుకంటే చెప్పిన పనికి కాకుండా వేరే దానికి వాడాడు. ఆ గుర్రం జాగాలో డ్రోన్ పెట్టి చూడండి. హైదరాబాద్‌లో ఎంగేజ్‌మెంట్‌కని తీసుకుని అరకులో ప్రీవెడ్డింగ్ షూట్‌కి పట్టుకెళ్తే? "రేపు ఇస్తా రా" అని ఫ్రెండ్‌కి ఇచ్చేస్తే? నూట యాభై ఏళ్ల నాటి గుర్రం వచ్చి మిమ్మల్నే తంతుంది.

టైం దాటడం కూడా అంతే. సోమవారం పొద్దున పదింటికి ఇవ్వాల్సింది, బద్ధకించి మంగళవారం ఇద్దామనుకున్నారు, సోమవారం రాత్రి రూమ్‌లో దొంగలు పడ్డారు. సెక్షన్ 161 ప్రకారం మీ వల్ల ఆలస్యమైతే ఆ గడువు దాటిన క్షణం నుంచి ఏం జరిగినా మీదే. అందుకే ఇంకో రోజు కావాలంటే "భయ్యా, రేపటికి ఎక్స్‌టెండ్ చేస్తున్నా, ఓకేనా" అని వాట్సాప్ పెట్టి, అటువైపు నుంచి "ఓకే" వచ్చేదాకా వదలకండి. బ్లూ టిక్ ఓకే కాదు.

ఇప్పుడు ఇన్సూరెన్స్. చాలా మంది షాపు ఓనర్లు "మాకు పాలసీ ఉంది" అంటారు. ఏ పాలసీ అని అడగండి. ఎక్కువగా ఉండేది బర్గ్లరీ పాలసీ. అది ఆ షాపు అడ్రసుకే వర్తిస్తుంది. పైగా తాళం పగలగొట్టో, కిటికీ వంచో, బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాలుండాలి. బలప్రయోగం లేని దొంగతనానికి అలాంటి పాలసీ కింద డబ్బు రాదని సుప్రీంకోర్టు 2004లోనే, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో చెప్పింది. మామూలు మాటల్లో దొంగతనం దొంగతనమే, పాలసీలో మాత్రం నిర్వచనం ప్రకారమే. స్టేజీ పక్కన బ్యాగు ఎత్తుకుపోయినవాడు ఏ తలుపూ పగలగొట్టలేదు.

బయట తిరిగే సామానుకు ఆల్ రిస్క్ లాంటి పాలసీలు వేరే ఉంటాయి. అవి తీసుకున్నా మినహాయింపుల పేజీ చదవాలి. మనిషి లేని వాహనంలో వదిలేస్తే చెల్లదని ఉంటుంది. అద్దెకిస్తే చెల్లదని చాలా వాటిలో ఉంటుంది. ఇక సామాను తీసుకున్నవాడే ఉడాయిస్తే? నమ్మి చేతికిచ్చినవాడు మోసం చేస్తే మాకు సంబంధం లేదని అనేక పాలసీలు అంటాయి. అందుకే షాపులవాళ్లు మనల్ని అంత అనుమానంగా చూస్తారు.

ఇంకో గమ్మత్తు చెప్తా. కొన్ని చోట్ల "రోజుకు వంద ఎక్స్‌ట్రా కడితే ప్రొటెక్షన్" అంటారు. అది ఇన్సూరెన్స్ కాదు. మన దేశంలో ఇన్సూరెన్స్ అమ్మాలంటే ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఈ వంద రూపాయలు షాపువాడు మీకిచ్చే మాట మాత్రమే, ఆ మాటలో దొంగతనం ఉందో లేదో రాతలో చూడండి. గీతలు పడితే మాఫీ, పోతే మాఫీ లేదు అన్నవే ఎక్కువ.

మరి వస్తువు మనది కాదు కదా, మనం పాలసీ తీసుకోవచ్చా అని ఆ తమ్ముడు అడిగాడు. తీసుకోవచ్చు. పోతే నష్టం మీకు కాబట్టి మీకు దాని మీద బీమా హక్కు ఉన్నట్టే. నెలకు ఏడెనిమిది ఈవెంట్లు చేసేవాళ్లు, నలుగురైదుగురు కలిసి, అద్దె సామాను కూడా కవరయ్యేలా కంపెనీని రాతపూర్వకంగా అడగడం నయం. ఒకవేళ షాపువాడి కంపెనీ ఆయనకు డబ్బిచ్చేసినా మీరు బయటపడ్డట్టు కాదు. మీ నిర్లక్ష్యం ఉందనుకుంటే ఆయన స్థానంలో కంపెనీ మీ మీదికి రావచ్చు.

పోలీస్ స్టేషన్ దగ్గర తెలుగే మనకు శత్రువు. మనిషి చనిపోయినా పోయాడంటాం, కరెంటూ పోయిందంటాం, వస్తువు ఎక్కడో పడిపోయినా, ఎవడో ఎత్తుకుపోయినా పోయిందే అంటాం. ఫిర్యాదులో "నా కెమెరా పోయినది" అని రాస్తే అది దొంగతనమా, మీరు పారేసుకున్నదా? ఎలా పోయిందో చెప్పలేని నష్టాన్ని చాలా పాలసీలు పక్కన పెట్టేస్తాయి. కాబట్టి "గుర్తు తెలియని వ్యక్తులు దొంగిలించారు" అని రాయండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, సీరియల్ నంబర్ ఎంత. ఆన్‌లైన్‌లో లాస్ట్ రిపోర్ట్ తీసుకుని పొమ్మంటే ఒప్పుకోకండి, అది పారేసుకున్న వస్తువులకు. దొంగతనానికి ఎఫ్‌ఐఆర్ కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 ప్రకారం మా ఏరియా కాదు అని తిప్పి పంపకూడదు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయినా తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపవచ్చు. అదే రోజు షాపుకీ, ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీకీ మెయిల్.

కంపెనీ అడ్డదిడ్డంగా తిరస్కరిస్తే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించవచ్చు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

ఆధార్ తాకట్టు గురించి ఒక్క మాట. జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ ఎందుకు? అంతకంటే ప్రమాదం సంతకం పెట్టిన ఖాళీ చెక్. "ఊరికే సెక్యూరిటీకి అన్నా" అంటారు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్ మీద మరొకరు అంకె వేసుకున్నా అది చెల్లుతుందనీ, బాకీ లేదని చూపించాల్సిన బరువు సంతకం పెట్టినవాడిదేననీ సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఇవ్వక తప్పకపోతే అంకె, తేదీ మీరే వేసి, దేనికిచ్చారో రసీదు మీద రాయించండి.

మెమరీ కార్డు సంగతి ఏ పాలసీలోనూ ఉండదు. కార్డు ధర వస్తే రావచ్చు గానీ అందులోని అప్పగింతలకు వెల కట్టేవాడు లేడు. రెండు స్లాట్లున్న కెమెరాలో రెండింటికీ రాసేలా పెట్టి, నిండిన కార్డు తీసి జేబులో వేసుకోండి, బ్యాగులో కాదు.

బైకులు, కార్లు అద్దెకు తీసుకునేవాళ్లకు త్వరగా రెండు మాటలు. సెల్ఫ్ డ్రైవ్‌కి లైసెన్స్ ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు బండిని రోజు అద్దెకిస్తున్నారంటే, అది పోయినప్పుడు సొంత వాడకం పాలసీ మీద వ్యాపారం చేశారని కంపెనీ అభ్యంతరం పెడుతుంది, ఓనర్ మీ మీద పడతాడు. పోయిన బండి క్లెయిమ్‌లో కంపెనీ రెండు తాళాలూ అడుగుతుంది. మీ దగ్గరున్న తాళం బండికే వదిలేశారంటే ఆ క్లెయిమ్ కష్టమే.

మీ దగ్గరున్న అద్దె రసీదులో ఇంతకంటే వింత షరతు ఉంటే ఫొటో తీసి పంపండి, పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపేసి. వచ్చే వారం వాటిలో రెండు మూడు తీసుకుని చూద్దాం.